ఓటు ఇక్కడ, వార్త అక్కడ

ఒడిశా కొరాపుట్ జిల్లా పొట్టంగి సమితిలో (సమితి అంటే అక్కడి మండలం లాంటిది) కొఠియా అనే పంచాయతీ ఉంది. అందులోని 21 గ్రామాలు తమవని ఒడిశా అంటుంది, మావంటుంది ఆంధ్రప్రదేశ్. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన ఈ తగవు 2006లో తేలకుండానే ముగిసింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు జరిపిస్తే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ ఢిల్లీ వెళ్లింది. 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ ఒకే రోజు పడింది. ఒకవైపు పొట్టంగి శాసనసభ, కొరాపుట్ లోక్‌సభ స్థానాలు. రెండోవైపు సాలూరు, అరకు. ఒక మనిషికి ఒకే చోట ఓటని చట్టం చెబుతున్నా, రెండు గుర్తింపు కార్డులు చేతిలో ఉన్న ఓటరు ముందు ఆ రోజు నాలుగు ఓట్లున్నాయి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోనూ 14 గ్రామాలది ఇదే స్థితి. అవి మావంటే మావని ఆ రాష్ట్రమూ తెలంగాణా వాదించుకుంటున్నాయి.

ఇలాంటి ఊళ్లకు పోలింగు రోజున కెమెరాలు వస్తాయి. వేలికి రెండు సిరా చుక్కలున్న ముసలమ్మ ఫొటో మంచి వార్త. కొఠియా విడ్డూరం కాబట్టి వార్త అయింది. విడ్డూరం కాని సరిహద్దు ఊళ్లు వేలల్లో ఉన్నాయి. అక్కడ ఓటు ఒకే రాష్ట్రంలో ఉంటుంది, తగవేమీ లేదు. కాని ఇంట్లో చదివే, వినే, చూసే వార్త మాత్రం పక్క రాష్ట్రానిది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాలలోని తెలుగు ఇళ్లలో ఇది తరతరాల సంగతి. ఆంధ్రలో 2024లో 175 సీట్లలో 164 ఏ కూటమికి వచ్చాయో ఠక్కున చెప్పేవారు తమ పంచాయతీ సమితి చైర్‌పర్సన్ పేరు అడిగితే పక్కవారి వైపు చూస్తారు. వాళ్లకు రాజకీయాలంటే ఆసక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొందరికి కావలసినదానికంటే ఎక్కువే ఉంది. అందిన వార్తను బట్టి ఆసక్తి అటు మళ్లింది, అంతే.

పత్రికలు చిక్కిపోతున్న కాలంలో స్థానిక వార్త పోతే ప్రజాస్వామ్యానికి నష్టమని అందరూ అంటారు. అది నిజమే కాని సగం నిజం. ఆ నష్టం అందరికీ ఒకేలా పడదు. పత్రిక గీసుకున్న హద్దూ ఎన్నికల సంఘం గీసిన హద్దూ ఒకటైన చోట పత్రిక బక్కచిక్కినా కొంత మిగులుతుంది. ఆ రెండు హద్దులూ కలవని చోట మొదట ఊడిపోయేది ఓటరుకు అన్నిటికంటే అవసరమైన వార్తే.

నది అవతలి పాఠకులు

ఈ ప్రశ్నను లెక్కలతో పరిశీలించినవారిలో ఎక్కువ మంది అమెరికావాళ్లు. అక్కడ పత్రికలు గుంపులు గుంపులుగా మూతపడటమే అందుకు కారణం. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం 2005 నుంచి 2024 వరకు 3,200కు పైగా పోయాయి. వాటిలో మన సరిహద్దు కథకు బాగా దగ్గరగా వచ్చేది సిన్సినాటి పోస్ట్ కథ.

సిన్సినాటి నగరం ఒహాయో నది ఒడ్డున, ఒహాయో రాష్ట్రంలో ఉంది. నది దాటితే కెంటకీ రాష్ట్రం. ఆ పత్రికకు నది అవతలి చిన్న పట్టణాల కోసం 'కెంటకీ పోస్ట్' పేరుతో వేరే ఎడిషన్ ఉండేది. 2007 డిసెంబరు 31న రెండూ ఆగిపోయాయి. అప్పటికి అమ్ముడవుతున్నవి సుమారు 27,000 ప్రతులు. అదే నగరంలో అంతకంటే చాలా పెద్ద దినపత్రిక ఇంకొకటి నడుస్తూనే ఉంది. కాబట్టి ఊళ్లు వార్తలు లేక అల్లాడలేదు. అయినా సామ్ షుల్‌హోఫర్-వోల్, మిగ్వెల్ గారిడో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాతి స్థానిక ఎన్నికలను పరిశీలించినప్పుడు, పోస్ట్ ఎక్కువగా రాస్తూ వచ్చిన కెంటకీ పట్టణాల్లో పోటీకి నిలబడేవారు తగ్గారని, పదవిలో ఉన్నవారే మళ్లీ గెలిచే అవకాశం పెరిగిందని, ఓటు వేసేవారు తగ్గారని తేలింది. తమది చిన్న నమూనా అనీ, ఆచితూచి చదవాలనీ ఆ రచయితలే హెచ్చరించారు.

పోటీకి నిలబడేవారు ఎందుకు తగ్గుతారు? పదవిలో ఉన్న కౌన్సిలరుకు పత్రికతో పనిలేదు. శిలాఫలకం మీద పేరుంటుంది, పింఛన్ల పంపిణీలో ముఖం కనబడుతుంది, పెళ్లిళ్లకు పిలుపు వస్తుంది. కొత్తగా నిలబడే మనిషికి అవేమీ లేవు. నీళ్ల కుళాయి కోసం మునిసిపాలిటీ ముందు ధర్నా చేసినప్పుడు పత్రికలో పడే నాలుగు వాక్యాలు, వేలెడంత ఫొటో ఆ మనిషికి దక్కే ఏకైక పరిచయం. అవి పడనప్పుడు ఊరందరికీ తెలియడానికి డబ్బు కావాలి. డబ్బు లేనివారు నిలబడటం మానుకుంటారు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. మాథ్యూ గెంట్‌స్కో, జెస్సీ షపీరో, మైఖేల్ సింకిన్సన్ 1869 నుంచి 2004 వరకు అమెరికా పత్రికల పుట్టుకలూ మూతలూ లెక్కగట్టి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రిక ఒకటి పెరిగితే ఓటింగ్ సుమారు 0.3 శాతం పాయింట్లు పెరుగుతుందని వాళ్లు తేల్చారు. పదవిలో ఉన్నవారికి మేలుగాని కీడుగాని మాత్రం స్పష్టంగా కనబడలేదు. అంటే సిన్సినాటిలో కనిపించింది అంతటా జరిగే నియమమని చెప్పలేం.

మనకు అన్నిటికంటే పనికొచ్చేది మూడో అధ్యయనం. జేమ్స్ స్నైడర్, డేవిడ్ స్ట్రోంబర్గ్ 2010లో అడిగిన ప్రశ్న తమాషాగా ఉంటుంది. పత్రిక ఉందా లేదా అని వాళ్లు అడగలేదు. పత్రిక అమ్ముడయ్యే ప్రాంతం, అక్కడి పార్లమెంటు నియోజకవర్గం ఒకదాని మీద ఒకటి ఎంత చక్కగా కూర్చుంటాయి అని అడిగారు. బాగా కూర్చున్న చోట పత్రిక ఆ సభ్యుడి గురించి ఎక్కువ రాసింది, ఓటర్లు అతని పేరు చెప్పగలిగారు, అతను సభా సంఘాల్లో ఎక్కువ పనిచేశాడు, ఆ ప్రాంతానికి ఎక్కువ నిధులు వచ్చాయి. హద్దులు కలవని చోట ఇదంతా తిరగబడింది. ఆ ఓటరు నిరక్షరాస్యుడూ కాడు, సోమరీ కాడు. రోజూ పత్రిక కొని చదువుతాడు. ఆ పత్రిక ఇంకెవరి సభ్యుడి గురించో రాస్తుంది. ఈ మాట చదివినప్పుడు పర్లాకిమిడి బజారులో తెలుగు పేపరు తిరగేసే పెద్దమనిషే నా కళ్ల ముందు నిలిచాడు.

శ్రీకాకుళం నుంచి వచ్చే పేజీ

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కొరాపుట్ ప్రాంతాలు, పర్లాకిమిడి జమీందారీలో పట్టణంతో సహా కొంత భాగం అటు చేరాయి. ఆ గీత వెనుక పత్రికల చేయి కూడా ఉంది. శశిభూషణ రథ్ బరంపురంలో 1913లో మొదలుపెట్టిన 'ఆశా' వారపత్రిక, 1928లో దినపత్రికగా మారి, ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకటి కావాలన్న ఉద్యమానికి గొంతుగా నిలిచింది. తెలుగు వైపు చూస్తే, పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపి, 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపిన గిడుగు రామమూర్తి ఆ విలీనం ఇష్టం లేక ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వెళ్లగలిగారు. పొలమూ దుకాణమూ వలా ఉన్నవాళ్లు ఉండిపోయారు.

ఉండిపోయినవారికి తెలుగు పత్రిక మద్రాసు నుంచో బెజవాడ నుంచో ఆలస్యంగా వచ్చేది. అందులో వాళ్ల ఊరు ఉండేది కాదు. దాన్ని మార్చింది ప్రాంతీయ అచ్చు యంత్రం. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో పుట్టింది. 1989లో అది జిల్లాకొక చిన్న పత్రికను పెద్ద పత్రిక లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టక తప్పలేదు. మండలానికొక కంట్రిబ్యూటర్, పట్టణానికొక విలేకరి, జిల్లా కేంద్రంలో ఒక డెస్క్. జీతం లేని విలేకరికి అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్. కొలిచి ఇస్తారు కాబట్టి అతను ఎక్కువ రాసేవాడు. సమితి సమావేశం, బావిలో పూడిక, బస్సు రాని ఊరు, టీచరు రాని బడి, అన్నీ వార్తలే. ఈ పద్ధతిని వెటకారం చేసినవాళ్లున్నారు. ఎవరి ఇంట్లో మేక ఈనినా వార్తేనా అన్నవారు కూడా ఉన్నారు. నా మట్టుకు నాకు తెలుగునాట ప్రజాస్వామ్యానికి ఆ మేక వార్తలు చేసిన మేలు సంపాదకీయాలు చేయలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కోసం వేసిన ఆ పేజీలు పార్సిల్ కట్టలతో పాటు సరిహద్దు దాటాయి. అటు ప్రతులు అమ్ముడయ్యాయి కాబట్టి అక్కడా ఒక ఏజెంటు, ఏజెంటే అయిన విలేకరి, ఆ పైన ఒక పేజీనో అర పేజీనో ఒడిశా వార్తలు. పర్లాకిమిడి మునిసిపాలిటీ, రాయగడ కలెక్టరు, గుణుపురం రోడ్డు తెలుగులో అచ్చయ్యాయి. పత్రిక హద్దుకూ ఓటు హద్దుకూ మధ్య ఉన్న చిరుగుకు అది అతుకు. అతుకు కాబట్టే బట్ట పాతబడగానే ముందు ఊడింది.

పాఠకుడి చిరునామా

ఎందుకు ఊడిందో తెలియాలంటే పత్రికకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. పాఠకుడు ఇచ్చే రూపాయలు కాగితం ఖర్చుకే చాలవు. మిగతాది ప్రకటనలు. ప్రకటనదారుడు పాఠకుడికి కాదు, పాఠకుడి చిరునామాకు డబ్బిస్తాడు. విశాఖ నగల దుకాణానికి రాయగడ పాఠకుడు దూరం. ఆంధ్ర ప్రభుత్వ ప్రకటన ఆంధ్ర ఓటరు కోసం. ఒడిశా ప్రభుత్వ ప్రకటన సహజంగానే ఒడియా పత్రికలకు వెళుతుంది. అలా సరిహద్దు తెలుగు పాఠకుడు రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ చిల్లరగా మిగిలాడు. రోజులు బాగున్నప్పుడు ఆ చిల్లరను ఎవరూ పట్టించుకోలేదు. 2019 బడ్జెట్‌లో న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం దిగుమతి సుంకం వేసి, మరుసటి ఏడాది 5కు తగ్గించారు. ఇంతలో 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు, రైళ్లు ఆగాయి, పేపరు ముట్టుకుంటే జబ్బు వస్తుందని జనం భయపడ్డారు, పత్రికలు పేజీలు కోసుకున్నాయి. ఉక్రెయిన్ యుద్ధంతో కాగితం ధర మళ్లీ ఎగిరింది. పేజీలు తగ్గించాల్సి వస్తే ఏ డెస్క్ అయినా ముందు ఎక్కడ కోస్తుంది? ప్రకటన రాని చోట.

ఇంకో కారణం పాఠకుడి ఇంట్లోనే ఉంది. ఒడిశాలో తెలుగు మాధ్యమ బడులు తగ్గుతూ వచ్చాయి. తాత తెలుగు చదువుతాడు, తండ్రి కూడబలుక్కుంటాడు, మనవడికి మాట వచ్చు, లిపి రాదు. ఒడియా చదవగలిగిన మనవడికి ఈ వ్యాసంలోని బాధ సగమే వర్తిస్తుంది. బరంపురం నుంచి వచ్చే ఒడియా పత్రికలు అతని ఊరి సంగతి చెబుతాయి. పూర్తిగా చిక్కుబడింది ఒడియా పేపరు చదవలేని పెద్దవాళ్లు, పెళ్లి చేసుకుని ఆంధ్ర నుంచి వచ్చిన ఆడవాళ్లు, గంజాం జిల్లా గోపాలపురం తీరంలోని మత్స్యకారులు. అక్కడి ఒడియా పత్రికలకు మాత్రం తెలుగు వాడ మీద ప్రత్యేకమైన శ్రద్ధ ఉండాలని ఏముంది? ఆ వాడ ఎలా ఓటేస్తుందన్న అంచనా తప్ప, ఆ వాడకేం కావాలన్న వార్త అరుదు.

మత్స్యకారుల ఉదాహరణ వివరంగా చూడాలి. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఇది తెలుగు వార్తల్లో ప్రతి ఏటా వస్తుంది. దానితో పాటు ఆంధ్ర ప్రభుత్వమిచ్చే వేట విరామ భృతి వార్త కూడా వస్తుంది: 2019 నుంచి 10,000 రూపాయలు, 2025లో 20,000. గంజాం తీరంలో దీనికి తోడు ఇంకో నిషేధం ఉంది. రుషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నవంబరు 1 నుంచి మే 31 వరకు, ఏడు నెలలు, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట కూడదు. శ్రీకాకుళం పత్రికకు ఇది వార్త కాదు, దాని పాఠకుల మీద ఆ నిషేధం లేదు. కాబట్టి తెలుగు మాత్రమే చదివే గంజాం మత్స్యకారుడికి తనకు రాని భృతి గురించి పూర్తి వివరాలు తెలుస్తాయి, తన వలను కట్టివేసే ఉత్తర్వు గురించి అటవీ శాఖ పడవ వచ్చేదాకా తెలియకపోవచ్చు. ఏడు నెలల నిషేధానికి పరిహారం ఎంత ఉండాలన్నది భువనేశ్వర్‌లో అడగాల్సిన ప్రశ్న. అభ్యర్థి ఓట్లకు వచ్చినప్పుడు నిలదీసి అడగాలి. తెలియని నిబంధన మీద నిలదీయడం ఎలా? పథకాలన్నిటిదీ ఇదే తీరు. ఆంధ్రలో రైతు భరోసా నడిచిన రోజుల్లో దాని వివరాలు కంఠతా వచ్చిన ఇంట్లో, ఒడిశా రైతులకోసం పెట్టిన కాలియా పథకం అర్హతలు తెలిసేవి కావు. ఆరోగ్యశ్రీ గురించి విన్నంతగా సొంత రాష్ట్రపు వైద్య కార్డు గురించి వినరు.

నీళ్ల వార్త ఇంకా చిక్కైనది. వంశధార మీద నేరడి బ్యారేజీ కట్టుకోవడానికి 2017 సెప్టెంబరులో ట్రైబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌కు అనుమతి ఇచ్చింది. దానికి ఒడిశాలోని గజపతి జిల్లాలో సుమారు 106 ఎకరాలు కావాలి. తెలుగు పత్రికలో ఇది ఆంధ్రకు దక్కిన న్యాయం, ఒడియా పత్రికలో ఒడిశాకు జరిగిన అన్యాయం. ఆ 106 ఎకరాల్లో ఎవరి చెక్క ఎంత, ధర ఏమిటి, కాలువ ఎటు పోతుంది అన్న మూడో వార్త ఉంది. అది రాసేది స్థానిక విలేకరి ఒక్కడే. రాజధానులు రెండూ తమ తమ జెండాలు పట్టుకున్నప్పుడు ఊరి జెండా పట్టుకునేవాడు లేడు.

సరిహద్దు పొడవునా ఇలాంటివే. ప్రాణహిత, గోదావరి కలిసే చోట మహారాష్ట్ర వైపు సిరోంచ ఉంది, తెలుగు వీధుల్లో వినబడే ఊరు, గడ్చిరోలి జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. నది మీద మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్ 21న ప్రారంభమైంది. అవతలి ఒడ్డున తెలంగాణకు అది గర్వకారణమైన ప్రాజెక్టు, 2023 అక్టోబరు 21న స్తంభాలు కుంగాక ఎన్నికల అస్త్రం. ఇవతలి ఒడ్డున పొలాల్లోకి నీళ్లు వచ్చాయని సిరోంచ రైతులు ఆందోళన చేశారు. వాళ్లు ఓటేసేది అహేరి శాసనసభ స్థానానికి. హైదరాబాద్ వార్తల్లో మేడిగడ్డ నెలల తరబడి మోగింది, అందులో సిరోంచ ఎన్నిసార్లు వినబడిందో చదివినవాళ్లే చెప్పాలి.

ఓటింగ్ తగ్గలేదు, మరి నష్టం ఎక్కడ

పత్రిక పోతే ఓటింగ్ తగ్గుతుందన్న అమెరికా సూత్రం మన దగ్గర నేరుగా పనిచేయదు. ఒడిశాలో 2024లో నూటికి సుమారు 74 మంది ఓటేశారు. పేపరు రాని కొండ ఊళ్లలోనూ బారులు తీరారు. మన ఓటరును పోలింగ్ కేంద్రానికి నడిపించేవి వేరే ఉన్నాయి: పార్టీ, కులం, కానుక, పక్కింటివాళ్లు, ఓటు వేయకపోతే పేరు తీసేస్తారేమోనన్న భయం. నష్టం ఓటు సంఖ్యలో కాదు, ఓటు వెనక ఉన్న సమాచారంలో వెతకాలి.

అందుకు ఒక ఆనవాలు ఉంది. జాషువా డార్, మాథ్యూ హిట్, జొహానా డనవే 2018లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పత్రిక మూతపడిన అమెరికా జిల్లాల్లో ఒకే రోజు ఒక పదవికి ఒక పార్టీకీ మరో పదవికి మరో పార్టీకీ ఓటేసేవారు 1.9 శాతం తగ్గారు. ఊరి వార్త లేనప్పుడు జాతీయ వార్తే మిగులుతుంది, దాన్నిబట్టి అన్ని పదవులకూ ఒకే గుర్తు. ఒడిశా ఓటరు ఈ వేరుచేసి ఓటేయడంలో దిట్ట. 2024లో లోక్‌సభకు ఒక్క స్థానమూ ఇవ్వని బిజూ జనతాదళ్‌కే అదే రోజు శాసనసభకు 51 స్థానాలు ఇచ్చాడు. బీజేపీ గాలిలోనూ కొరాపుట్ లోక్‌సభ స్థానం కాంగ్రెస్‌కు వెళ్లింది, రాష్ట్రంలో ఆ పార్టీకి అదొక్కటే. బరంపురం ఓటర్లు 1996లో పి.వి.నరసింహారావును లోక్‌సభకు పంపారు. ఈ ప్రాంతపు ఓటరు గుడ్డిగా గుద్దేవాడు కాదని చెప్పడానికే ఇదంతా. ఈ విచక్షణకు మేత కావాలి. ఎంపీ ఏం చేశాడు, ఎమ్మెల్యే ఏం చేశాడు అన్నది వేరువేరుగా తెలియాలి.

ఇంకా కిందికి దిగితే పార్టీ గుర్తు కూడా సాయం రాదు. ఒడిశాలో జిల్లా పరిషత్ సభ్యులు పార్టీ గుర్తుల మీద పోటీ చేస్తారు. సర్పంచ్, వార్డు మెంబరు, సమితి సభ్యుడు పార్టీ గుర్తు లేకుండా నిలబడతారు. గుర్తు ఉన్న చోట కనీసం పార్టీని చూసి ఓటేయవచ్చు. 2022 ఫిబ్రవరిలో 852 జిల్లా పరిషత్ స్థానాల్లో 766 ఒకే పార్టీకి పోయాయి. గుర్తు లేని చోట మనిషి గురించి తెలియాలి. పంచాయతీ సొమ్ము, ఉపాధి హామీ మస్టర్లు, ఇళ్ల జాబితా చేతిలో ఉండేది ఈ మనిషికే. పత్రిక బక్కచిక్కినప్పుడు మొదట పోయేదీ ఈ మనిషి గురించిన వార్తే. ముఖ్యమంత్రి ప్రసంగం ఏ పత్రికలోనూ ఆగదు.

ఇండియాలో ఈ సంగతిని లెక్కకట్టినవాళ్లు టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్. 1958 నుంచి 1992 వరకు 16 రాష్ట్రాలను పోల్చి 2002లో రాశారు. పంట పోయినప్పుడు, వరద వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఎంత చురుగ్గా కదిలాయన్నదానికీ పత్రికల పంపిణీకీ సంబంధం ఉందని చూపారు. గమనించాల్సిందేమిటంటే, ఆ సంబంధం ప్రాంతీయ భాషల పత్రికలతోనే బలంగా కనబడింది, ఇంగ్లిషు పత్రికలతో కాదు. ఆ పరిశోధన చెప్పే సంగతి రాయగడ జిల్లాకు కొత్త కాదు. 2001లో కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల అంబలి తిని ఆదివాసీలు చనిపోతే అది ఆకలి చావా, విషాహారమా అని దేశమంతా వాదించింది. వాదం మొదలవ్వాలన్నా ముందు ఆ ఊరి పేరు ఎవరో ఒకరు రాయాలి.

ఫోను ఉందిగా అంటారు. ఉంది. ప్రతి చేతిలోనూ ఉంది, ఒక్కో పట్టణానికి నాలుగు యూట్యూబ్ చానెళ్లు, వీధికొక వాట్సాప్ గ్రూపు ఉన్నాయి. ప్రమాదం, దొంగతనం, ఏనుగుల గుంపు అయితే పత్రికకంటే ఫోనే ముందు చెబుతుంది. అందుకు దానికి దండం పెట్టాలి. మునిసిపల్ టెండరు మాత్రం ఎవరూ వీడియో తీయరు. చూసేవారు ఉండరు, చూసేవారు లేకపోతే డబ్బు రాదు. నాలుగు చానెళ్లలో రెండు ఏదో ఒక నాయకుడి దయ మీద నడుస్తాయి. ఇక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ వార్డు నాయకుడి బావమరిది అయితే అందులో ఏం వస్తుందో చెప్పనక్కర్లేదు. తెలుగు వీడియోల్లో ఎక్కువగా దొర్లేది అమరావతి, హైదరాబాద్ తిట్లపురాణం. హద్దులు కలవని రోగం ఫోనుతో పెరిగింది, తగ్గలేదు.

పత్రికలు దేవాలయాలేమీ కావు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చువేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. అందులో తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి ఒక సభ్యుడు. మహారాష్ట్ర, ఆంధ్ర రెండూ ఆ చర్చలో ముందువరసలో ఉన్నాయి. జీతం ఇవ్వకుండా ప్రకటనల లక్ష్యాలు పెట్టిన చోట విలేకరి సర్పంచ్ దగ్గర ప్రకటన అడుక్కుని మర్నాడు అతని మీద ఏం రాస్తాడు? ఆ జబ్బు నిజం. అయితే రెండు పత్రికలున్న ఊళ్లో ఒకదానికి ప్రకటన ఇవ్వని సర్పంచ్ సంగతి రెండోదానిలో వచ్చేది. మంచి మనుషులవల్ల కాదు, పోటీవల్ల నిజం బయటపడేది. ఒక్కటీ రాని ఊళ్లో ఆ పోటీ కూడా లేదు.

చట్టానికి మాత్రం ఈ మార్పు ఇంకా తెలియదు. దేశంలో చాలా చట్టాలు ఊళ్లో పత్రిక ఉందనే ఊహ మీద రాసినవి. 2013 భూసేకరణ చట్టం ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, వేయమంటుంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం గనికో ఫ్యాక్టరీకో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటే ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటించాలి. నేర చరిత్ర ఉన్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీ ఒక స్థానిక భాషా పత్రికలో, ఒక జాతీయ పత్రికలో చెప్పాలని 2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒడిశాలో ఇవన్నీ ఒడియా పత్రికలో పడతాయి, చట్టం ప్రకారం అంతా సక్రమమే. తన చేను పోతోందన్న నోటీసు, తన అభ్యర్థి మీద కేసులున్నాయన్న ప్రకటన తెలుగు మాత్రమే చదివే ఓటరు గుమ్మం దాకా రావు.

పత్రికను బతికించమని యజమానులను వేడుకోవడం వల్ల ఉపయోగముంటుందని నేను అనుకోను. ప్రకటనల లెక్క మారదు. అడగాల్సింది ప్రభుత్వాన్ని, అడగడానికి ఆధారమూ ఉంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణల కింద, జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు అనువదించి ప్రచురించాలన్నది రాష్ట్రాలు ఎప్పుడో ఒప్పుకున్న మాట. దాన్ని చూసుకోవడానికి రాజ్యాంగం 350బి అధికరణం కింద ఒక కమిషనరు పదవి కూడా ఉంది. ఎన్ని సమితుల్లో తెలుగు 15 శాతం దాటుతుందో జనగణన పట్టికల్లో చూసుకోవచ్చు. దాటిన చోట వేట నిషేధపు ఉత్తర్వు, భూసేకరణ నోటీసు, పంచాయతీ ఖర్చుల పట్టిక తెలుగులో అతికించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పంచాయతీల అయిదేళ్ల గడువు 2027లో ముగుస్తుంది, ఇప్పుడే పెట్టుకుంటే అప్పటికి కొన్నైనా గోడలెక్కుతాయి. ఆ దరఖాస్తును ఒడియాలో రాయించుకోవడానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. తన గోడును ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసి ఇచ్చే హక్కు 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది, తెలుగులో రాసినా కలెక్టరు కార్యాలయం తీసుకోవాల్సిందే.